పాత బండి బాగుచేయించుకుంటూ కొత్త బండి కలలు కనేవాళ్ల కోసం

నా బండి 2009 స్ప్లెండర్ ప్లస్. నంబర్ ప్లేటు మీద ఏపీ 24 అని ఉంటుంది. నల్లగొండలో బండి వయసు ఎవరినీ అడగక్కర్లేదు. ఏపీ 24 అయితే రాష్ట్రం రాకముందుది, టీఎస్ 05 అయితే వచ్చాకది, టీజీ 05 అయితే నిన్నమొన్నటిది. తిప్పర్తి నుంచి నల్లగొండకు, మళ్లీ ఇంటికి, రోజుకు రమారమి 35 కిలోమీటర్లు దీని మీదే తిరుగుతాను. ఆ రోడ్డు మీద మిర్యాలగూడ మిల్లుల లారీలు ఎన్నో, పక్కనుంచి డుగడుగమంటూ దాటిపోయే బుల్లెట్లు అన్ని. కన్ను బుల్లెట్ మీద, కాలు స్ప్లెండర్ కిక్కు మీద. ఐదేళ్లుగా ఇదే నడుస్తోంది.

కొత్త బండి మీద మనసు పడ్డవాడు పాత బండి రిపేరు దగ్గర సరిగ్గా ఆలోచించలేడు. ఇది నేను సొంతంగా దెబ్బతిని తెలుసుకున్న సంగతి. నాలుగేళ్ల కింద చైన్ సెట్ అరిగిందని మెకానిక్ చెప్తే, "ఎట్లాగూ దసరాకు కొత్తది తీసుకుంటున్న, ఏదో ఒక చైన్ వేసెయ్" అన్నాను. అరిగిన పళ్ల చక్రాల మీద చవక చైన్ ఎక్కింది. దసరా వచ్చింది, పోయింది. సంక్రాంతికి రెండు రోజుల ముందు, రాత్రి ఎనిమిదింటికి, వెనక బత్తాయి బస్తా కట్టుకుని వస్తుంటే చైన్ తెగింది. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు. బండినీ బస్తానీ తోసుకుంటూ వచ్చేసరికి పదిన్నర. గేటు దగ్గర మా ఆవిడ ఒక్కటే అడిగింది: "కొత్త బండి మంచిగున్నదా?"

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. కల మానుకోలేదు, రిపేరూ ఆపలేదు. రెండూ ఒకదాని పని ఒకటి చెడగొట్టకుండా చూసుకోవడమే ఈ పద్ధతి. మీది స్ప్లెండర్ కాకపోయినా, కార్బొరేటర్ ఉన్న ఏ నూరు సీసీ బండికైనా చాలావరకు పనికొస్తుంది.

ముందు వారం రోజుల చిట్టా

మెకానిక్ దగ్గరికి పోయి "బండి బాగలేదు, ఒకసారి చూడు" అంటే ఆయన ఏం చూడాలి? వారం ముందు నుంచి ఒక చిన్న నోట్‌బుక్ బండి డిక్కీలోనో జేబులోనో పెట్టుకోండి. ఎడమ పేజీలో బండి తంటాలు రాయండి. ఏం జరిగిందో ఒక్కటే కాదు, ఎప్పుడు జరిగిందో రాయాలి. నా పోయిన నోట్‌బుక్‌లో ఇట్లా ఉంది:

"పొద్దున నాలుగో కిక్కుకు స్టార్ట్. మధ్యాహ్నం వేడి మీద ఒకటే కిక్కు."
"గేరు మార్చి క్లచ్ వదిలితే వెనక నుంచి కటక్."
"టాప్ గేరులో వేగం పెంచితే హ్యాండిల్ వణుకు."
"ఆయిల్ పోసి నెల కాలేదు, డిప్‌స్టిక్ కింది గీత దగ్గరికి వచ్చింది."

చివరి వాక్యం చూడగానే మెకానిక్‌కు సగం సంగతి అర్థమైపోయింది. "బండి పికప్ లేదు" అని పదిసార్లు చెప్పినా అంత అర్థం కాదు.

కుడి పేజీలో కొత్త బండి ఎందుకు కావాలో రాయండి. నిజాయితీగా. నేను ఆరు కారణాలు రాశాను: సీటు నొప్పి, రాత్రి లైటు చాలదు, హ్యాండిల్ వణుకు, గుంతల్లో నడుము పట్టేస్తుంది, సెల్ఫ్ స్టార్ట్ లేదు, బావమరిది పెళ్లికి పోతే బాగుంటుంది. రాశాక రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి నాలుగూ కొత్త బండి కారణాలు కావు, పాత బండి రోగాలు. సీటు స్పాంజి కుంగిపోయింది, కొత్త స్పాంజి వేసి కవర్ కుట్టే షాపులు ఉన్నాయి. వణుకు టైరుదీ, కోన్ సెట్‌దీ, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులది. నడుము నొప్పి వెనక షాక్ అబ్జార్బర్లది. లైటు సంగతి మాత్రం కొంచెం వేరు. ఈ పాత స్ప్లెండర్లలో రేస్ తగ్గిస్తే లైటూ తగ్గుతుంది, వైరింగే అంత. కానీ డూమ్, అంటే బల్బు వెనక ఉండే అద్దంలాంటి గిన్నె, లోపలి పూత నల్లబడి ఉంటే డూమ్ మారిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఇక మిగిలినవి సెల్ఫ్, బావమరిది పెళ్లి. సెల్ఫ్ లేని బండికి సెల్ఫ్ పెట్టించడం దండగ పని. గొప్పకు స్పేర్ పార్ట్ దొరకదు. అంటే నాకు కొత్త బండి కావాల్సిన అసలు కారణాలు రెండే అన్నమాట. ఈ లెక్క తేలితే రిపేరు దగ్గర మనసు కుదుటపడుతుంది.

ఇంటి ముందే చూసుకోగలిగినవి

పావుగంట పని. పానా కూడా పెద్దగా అవసరం లేదు, ప్లగ్ పానా ఒక్కటి ఉంటే చాలు.

పొగ: చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి ఎవరినైనా వెనక నిలబడమనండి. నీలం కలిసిన తెల్ల పొగ, కాలిన నూనె వాసన వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. రేస్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ, పిస్టన్ ఆడే గొట్టం అంటే బోరూ అరిగినట్టు. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది, కార్బొరేటర్ పని లేదా ఎయిర్ ఫిల్టర్. చలికాలం పొద్దున వచ్చి రెండు నిమిషాల్లో మాయమయ్యే పల్చటి ఆవిరికి కంగారు పడొద్దు.

ప్లగ్: విప్పి మొన చూడండి. ఇటుకపొడి రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటే బాగుంది. పొడిగా నల్లగా మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువై ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతోంది.

కోన్ సెట్: మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూచోబెట్టి ముందు చక్రం గాలిలోకి లేపండి. హ్యాండిల్ రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యకు రాగానే ఒక గాడిలో పడి ఆగినట్టు అనిపిస్తే కోన్ సెట్ పోయింది. బిగిస్తే సరిపోతుందని కొందరు అంటారు. గాడి పడ్డదాన్ని బిగిస్తే హ్యాండిల్ ఇంకా మొండికేస్తుంది. మార్చాల్సిందే.

స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి): వెనక కూచున్నవాళ్లను దింపి, వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపండి. లొడలొడలాడితే ఆర్మ్ బుష్‌లైనా చక్రం బేరింగైనా అరిగినట్టు.

బ్రేకులు: డ్రమ్ బ్రేకు ఉంటే చక్రం పక్కన బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం, ప్లేటు మీది గుర్తును అందుకుంటే లైనర్లు అయిపోయినట్టు. ఈ గుర్తు ఒకటుందని నాకు పదేళ్లు తెలియదు.

టైరు: గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి ఎంత ఉన్నా పక్కలు పగుళ్లు పట్టిన టైరును మన ఎండల్లో నమ్మొద్దు. ఏప్రిల్, మేలో ఆ తారు మీద నడిపి చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మెకానిక్ దగ్గరికి ఎప్పుడు, ఎట్లా

దసరా ముందు వారం వద్దు. ఆయుధ పూజకు ఊళ్లో ప్రతి బండీ సర్వీసింగ్‌కు వస్తుంది, మీది కడిగి ఆయిల్ మార్చి పంపిస్తారు. నాట్లప్పుడూ అంతే, పొలాలకు తిరిగే బళ్లు వరుసలో ఉంటాయి. చేతిలో పని తక్కువున్న రోజుల్లో, పొద్దున షట్టర్ లేపే వేళకు పోండి. సాయంత్రం ఇచ్చిన బండి రాత్రి బల్బు వెలుగులో విప్పుతారు, పొద్దున దానికి సంబంధించిన నట్టు ఒకటి డబ్బాలో మిగులుతుంది.

షాపులో నోట్‌బుక్ ఎడమ పేజీ చదివి వినిపించండి. కుడి పేజీ మూసే ఉంచండి. కొత్త బండి ఆలోచన ఉందని మెకానిక్ చెవిన వేయొద్దు. ఆయన మోసం చేస్తాడని కాదు. "ఎట్లాగూ అమ్ముతాడు" అని తెలిస్తే మంచివాడైనా నాలుగు రోజులు నడిచే పనే చేస్తాడు, మీ పైసలు మిగల్చాలనే. నా చైన్ కథలో తప్పు ముమ్మాటికీ నాది.

విప్పకముందే మూడు మాటలు తేల్చుకోవాలి. ఏమేం మార్చాలో ఒక్కొక్కటిగా ధర వేసి రాయించుకోవాలి. అంతకు మించితే ఫోన్ చేయకుండా ముట్టుకోవద్దని చెప్పాలి. మార్చిన పాత సామాన్లన్నీ ఒక కవర్‌లో వేసి ఇవ్వమనాలి. మూడోది అడగడానికి మొహమాటపడతాం. మొహమాటం లేకుండా "పాతవి ఇంటికి తీస్కపోత ఉస్తాద్" అనేయండి. మంచి మెకానిక్ ఏమీ అనుకోడు, పైగా ఏది ఎట్లా అరిగిందో చూపిస్తాడు.

సామాన్లు మీరే కొనుక్కొస్తానంటే పాత ముక్క చేతిలో పట్టుకుని పోండి. "స్ప్లెండర్ క్లచ్ ప్లేట్లు" అంటే సరిపోదు, ప్లస్సా ప్రోనా, ఏ సంవత్సరం అని అడుగుతారు. కంపెనీ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, హోలోగ్రామ్ చూసుకోవాలి. నల్లగొండలో దొరకనివి హైదరాబాద్ పుత్లీబౌలిలో వెతకొచ్చు, కాకపోతే అక్కడ ఒరిజినలూ డూప్లికేటూ పక్కపక్క కొట్లలోనే ఉంటాయి, కన్ను తెరుచుకుని కొనాలి. అన్నీ ఒరిజినల్ కావాలని పట్టుబట్టను నేను. మడ్‌గార్డు, ఫుట్‌రెస్ట్ రబ్బరు, అద్దాలు లోకల్‌వి వేసినా ప్రాణం పోదు. బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, పిస్టన్, ఆయిల్ సీళ్ల దగ్గర మాత్రం బేరం లేదు.

చైన్ విషయం మళ్లీ చెప్తున్నాను: చైన్, ముందు పళ్ల చక్రం, వెనక పళ్ల చక్రం మూడూ కలిపే మార్చాలి. అరిగిన పళ్లు కొత్త చైన్‌ను నెలల్లో సాగదీస్తాయి.

ఏది ముందు, ఏది తర్వాత

పైసలు ఒకేసారి ఉండవు. అందుకని వరుస కావాలి. నా వరుస ఇది: ముందు ఆగడానికి కావాల్సినవి, తర్వాత తిన్నగా పోవడానికి కావాల్సినవి, తర్వాత కనిపించడానికి కావాల్సినవి, ఆ తర్వాతే పోవడానికి కావాల్సినవి. బ్రేకులూ టైర్లూ, కోన్ సెట్టూ బేరింగులూ, లైట్లూ ఇండికేటర్లూ, అప్పుడు చైనూ క్లచ్చూ, చివరికి ఇంజిన్. మనవాళ్లు సరిగ్గా తలకిందులు చేస్తారు. పికప్ కావాలని ఇంజిన్ పని పెట్టిస్తారు, బ్రేకు దగ్గర "ఇంకో రెండు నెలలు నడుస్తది" అంటారు. ఇంజిన్ పోతే బండి ఆగుతుంది. బ్రేకు పోతే ఆగదు.

రంగు, స్టిక్కర్లు, సైలెన్సర్ పాలిష్ అన్నిటికంటే చివర. పాత బండికి రంగేయించాలన్న కోరిక చాలాసార్లు కొత్త బండి కోరికే, వేషం మార్చుకుని వస్తుంది. రెండు నెలలు ఆగి చూడండి, దానంతట అదే పోతుంది.

బోర్ పని

రింగులూ బోరూ అరిగి ఆయిల్ తాగుతున్న ఇంజిన్‌కు ఎప్పటికైనా ఇది తప్పదు. ఖర్చు ఎక్కువ, టెన్షన్ ఎక్కువ, మోసపోయే చోటు కూడా ఇదే. కాబట్టి ఆ రోజు సెలవు పెట్టి దగ్గరుండండి.

పోయిన నెల నా బండికి చేశారు. పది గంటలకు ఉస్తాద్ హెడ్ విప్పాడు, పదిన్నరకు బోరు ఉండే బ్లాక్ పైకి లాగాడు. పిస్టన్ తల మీద బొగ్గు పెచ్చులు. పక్కన నిలువు గీతలు. ఆయన పాత రింగ్ ఒకటి తీసి బ్లాక్ నోట్లో వేసి, పిస్టన్‌తో లోపలికి సమానంగా నెట్టి, రింగ్ రెండు కొనల మధ్య సందులో గేజీ రేకు పెట్టాడు. అర మిల్లీమీటరు రేకు అడ్డు లేకుండా దూరింది. తర్వాత నా చెయ్యి పట్టి బోర్ లోపల పై అంచు దగ్గర గోరుతో గీకమన్నాడు. గోరు ఒక మెట్టుకు తగిలి ఆగింది. రింగులు తిరిగినంత మేరా అరిగిపోయి, పైన తిరగని చోటు అట్లాగే మిగిలిపోయి, ఆ రెంటి మధ్య మెట్టు పడింది. "గిప్పుడు నమ్మినవా తమ్మీ?" అన్నాడు. నమ్మాను. ఈ రెండు పరీక్షలూ మీ బండికి మీ కళ్ల ముందు చేయమని అడగండి. ఇవి చూపించకుండా "బోర్ పోయింది" అంటే ఒప్పుకోవద్దు.

అప్పుడే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను కింది క్రాంక్ ఇరుసుకు కలిపే కడ్డీ) కూడా చూపించమనాలి. రాడ్‌ను పైకీ కిందికీ లాగితే కదలిక ఉండకూడదు. పక్కలకు కొంచెం ఆడటం మామూలే. పైకీ కిందికీ ఆడుతోందంటే క్రాంక్ పని, అంటే ఇంజిన్ మొత్తం దించి రెండుగా విప్పాలి, ఖర్చు ఎంతో పెరుగుతుంది. అట్లాంటప్పుడు ఆగి, బండి అమ్మితే ఎంత వస్తుందో కనుక్కుని, అప్పుడు ఔనో కాదో చెప్పండి. నా బండికి ఒకాయన 14,000 ఇస్తానన్నాడు, బోర్ పని మొత్తం 6,200 అయింది. క్రాంక్ కూడా పోయి ఉంటే నేను చేయించేవాణ్ని కాదు. చాసిస్ హ్యాండిల్ దగ్గర చిట్లి ఉంటే కూడా అంతే. వెల్డింగ్ పెట్టి నడిపేవాళ్లను చూశాను, నాకు మాత్రం ధైర్యం చాలదు.

ఇక బోర్ కొట్టించడమా, కొత్త బ్లాక్ కిట్ వేయడమా? ఈ బండి బోరు 50 మిల్లీమీటర్లు. అరిగితే లేత్ షాపులో పావు మిల్లీమీటరు పెంచి, పావు సైజు పిస్టన్ వేస్తారు. మళ్లీ అరిగితే అర, ముప్పావు, ఒకటి. మొదటిసారి అయితే బోర్ కొట్టించడం చాలు, పాత బ్లాక్ ఇనుము బాగుంటే అదే మేలు. ఇప్పటికే రెండు మూడుసార్లు కొట్టించిన బ్లాక్ అయితే కొత్త కిట్ తీసుకోండి. కొట్టించేటట్టయితే ఒక్క జాగ్రత్త: పిస్టన్ ముందే కొని లేత్ ఆయన చేతికి ఇవ్వాలి. ఆయన ఆ పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు కొట్టాలి. ముందు బోర్ కొట్టేసి తర్వాత పిస్టన్ వెతికితే బిగుతైనా అవుతుంది, వదులైనా అవుతుంది.

ఎట్లాగూ విప్పారు కదా అని పెరిగే పనులు కొన్ని ఉంటాయి. వాల్వ్ సీటింగ్, వాల్వ్ సీళ్లు, గ్యాస్కెట్లు తప్పనిసరి. టైమింగ్ చైన్ గరగరమంటుంటే ఇప్పుడే మార్చేయండి. క్లచ్ ప్లేట్లు బాగుంటే ముట్టుకోవద్దు. అవి వేరే పక్క మూత కింద ఉంటాయి, అవసరమైనప్పుడు విడిగా చేయించుకోవచ్చు.

బ్లాక్ లేత్‌కు పోయాక రెండు గంటలు పనేమీ ఉండదు. చాయ్ తాగి ఫోన్ తీశాను. ఎరుపు రంగు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, నేను బుల్లెట్ అనేది దాన్నే, బొమ్మ వేలితో పెద్దది చేసి చూస్తున్నా. డీజిల్ తట్టలో నట్లు కడుగుతున్న పిల్లగాడు తొంగిచూసి, "అన్నా, గిది తీస్కుంటున్నవా?" అన్నాడు. ఉస్తాద్ తల ఎత్తకుండానే, "ముందుగాల దీని రింగులకు పైసలు తీయమను" అన్నాడు.

కల లెక్కలు

బండి షాపులో ఉన్న రోజు షోరూమ్‌కు పోవద్దు. ఆటోలో తిరుగుతూ, చేతికి గ్రీజు అంటుకుని ఉన్నప్పుడు ఏ బండి చూసినా స్వర్గమే. రిపేరు అయ్యి, బండి బాగా నడుస్తున్న నెలలో పోండి. అప్పటికీ అది కావాలనిపిస్తే నిజంగా కావాల్సినట్టే.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటినవాటి మీద 40 అయింది. క్లాసిక్ 349 సీసీ, కాబట్టి తగ్గిన వైపే ఉంది. ఈ వార్త వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి కాగితం మీద లెక్క వేశాను.

నెలకు 26 రోజులు, రోజుకు 35 అంటే 910 కిలోమీటర్లు. స్ప్లెండర్ 60 ఇస్తే 15 లీటర్లు. బుల్లెట్ 35 ఇస్తే 26 లీటర్లు. తేడా 11 లీటర్లు, లీటరు 108 వేసుకున్నా నెలకు దాదాపు 1,200. లక్షన్నర అప్పు మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ వేరే. ఇక్కడ ఒక మెలిక ఉంది. షోరూమ్ టేబుల్ దగ్గర కూచున్న ఫైనాన్స్ అబ్బాయి "11 శాతమే సార్" అంటే, ఏ 11 అని అడగాలి. తగ్గే అసలు మీద 11 అయితే కిస్తీ 4,900 చిల్లర. ఫ్లాట్ 11 అయితే, అంటే మూడేళ్లూ మొత్తం లక్షన్నర మీదే వడ్డీ వేస్తే, 5,540 అవుతుంది. మూడేళ్లకు తేడా 22 వేలకు పైనే. నా బోర్ పనులు మూడు.

ధర అడిగితే ఆన్‌రోడ్ ధర కాగితం మీద విడివిడిగా రాసివ్వమనండి: షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, అది బయట ఎక్కడైనా తీసుకోవచ్చు, షోరూమ్ వాళ్లదే తీసుకోవాలని లేదు. గార్డులూ సీటు కవర్లూ వద్దంటే తీసేయాలి. ఇంకో సంగతి, టెస్ట్ రైడ్‌కు ఇస్తే స్టాండు తీసి ఒకసారి వెనక్కి తోసి చూడండి. క్లాసిక్ 195 కిలోలు. స్ప్లెండర్ నూట పది దరిదాపు. మా ఇంటి ముందు ర్యాంపు ఎక్కించేది నేనొక్కణ్నే, ఆ సంగతి నోట్‌బుక్ కుడి పేజీలో కొత్తగా రాసుకున్నాను.

ఇన్ని లెక్కలు వేశాక కోరిక చావలేదు కానీ, కిస్తీ సొమ్ములో సగం నెలనెలా పక్కన పెడుతున్నాను. రిపేరు ఖర్చు అందులోంచే తీస్తాను. మిగిలింది బుల్లెట్‌కు. రిపేరు ఎక్కువైన నెల బుల్లెట్ దూరం జరుగుతుంది, కాబట్టి చిన్న రోగం చిన్నగా ఉన్నప్పుడే చేయిస్తున్నాను. ఇది అనుకోకుండా కలిసొచ్చిన లాభం.

కాగితాలు

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. టూవీలర్‌కు కేంద్రం పెట్టిన ఫీజు 1,000, ఇరవై ఏళ్లు దాటితే 2,000, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆలస్యమైతే నెలకు 300 చొప్పున పెరుగుతుంది. ఆర్టీవో ఆఫీసులో బండిని కళ్లతో చూస్తారు, లైట్లు, హారన్, బ్రేకు, ఇండికేటర్లు అన్నీ పనిచేయాలి. కాబట్టి ముందు రిపేరు, తర్వాత రెన్యువల్. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉన్నాయో లేదో అంతకు ముందే చూసుకోవాలి.

పాత బండిని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చినా, తెలిసినవాళ్లకు అమ్మినా, ఆర్సీ వాళ్ల పేరు మీదికి మారేదాకా వదలొద్దు. వాళ్లు హెల్మెట్ పెట్టుకోకపోతే చలానా మీ ఫోన్‌కు వస్తుంది.

బోర్ తర్వాత 500 కిలోమీటర్లు

కొత్త రింగులు కొత్త బోర్‌కు సర్దుకునే రోజులివి. మొదటి 500 కిలోమీటర్లు 40, 45 దాటొద్దు. ఒకే వేగంతో గంటసేపు లాగొద్దు, కాస్త పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. టాప్ గేరులో ఇంజిన్ మూలుగుతుంటే గేరు దించండి. వెనక బరువు, ముఖ్యంగా బత్తాయి బస్తాలు, వద్దు. పొద్దున స్టార్ట్ చేయగానే రేస్ ఇవ్వొద్దు. మొదటి ఆయిల్ 500 దగ్గరే మార్చేయాలి. ఈ బండికి మార్చినప్పుడు దాదాపు 900 మిల్లీలీటర్లు పడుతుంది, 10డబ్ల్యూ-30 గ్రేడు. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూడండి. మన బళ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

నా స్పీడోమీటర్ కేబుల్ తెగి ఏడాదైంది, అది వరుసలో ఇంకా కిందనే ఉంది. అందుకని కిలోమీటర్లు రోజులతో లెక్కపెట్టాను, రోజుకు 35 చొప్పున రెండు వారాలు. ఆ రెండు వారాలూ రోడ్డు ఎడమ అంచున, అందరికీ దారి ఇస్తూ పోయాను. లారీలు దాటాయి, స్కూలు బస్సు దాటింది, గడ్డిమోపు కట్టుకున్న టీవీఎస్ ఎక్సెల్ కూడా దాటింది. ఆ వేగంలో బుల్లెట్ రంగు గురించి ఆలోచించడానికి కావాల్సినంత తీరిక. మొదటి వారం ఎరుపు, రెండో వారం నలుపు.

పదిహేనో రోజు పొద్దున ఉస్తాద్ ఆయిల్ నట్టు విప్పాడు. తట్టలో పడ్డ ఆయిల్‌ను ఎండలోకి వంచి చూపించాడు, సన్నని మెరుపు పొడి తేలుతోంది. రింగులు సర్దుకున్నప్పుడు రాలిన పొడి, మామూలే అన్నాడు. కొత్త ఆయిల్ పోసి, డిప్‌స్టిక్ తుడిచి, పై గీత చూపించి, కిక్కు కొట్టాడు. ఒకటే కిక్కు.

"ఇగ లాగు" అన్నాడు.